బావి ఇంజను జీపులో చిన్నమ్మ పెళ్లిచీర

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పే రోగం లేదు. చీమ కుట్టిందని మొదలుపెడితే, ముగించేసరికి అది ఏనుగై నన్ను తొక్కి, క్షమాపణ కూడా చెప్పి వెళ్తుంది. సగం తీసేసి చదువుకోండి. ఆ రోజుల్లో మా హిందూపురం వైపు మనిషికి తెలివుందనడానికి ఒకటే గుర్తు: ఏ వస్తువునూ అది పుట్టిన పనికి వాడకపోవడం. (మోపెడ్డు చక్రానికి బెల్టు తగిలించి పిండి రుబ్బినవాణ్ణి చూశాను. ఇది తీసేయాల్సిన సగంలోకి రాదు.) ఆ లెక్కన మా మామ, అంటే అమ్మ తమ్ముడు, మహామేధావి.

మామకు పాత పెట్రోలు జీపు ఒకటుండేది. నాలుగు చక్రాలూ లాగే బండి, ఎంతటి గుట్టైనా ఎక్కుతుందని ఊరంతా చెప్పుకునేవాడు. అది గుట్టెక్కడం ఎవరూ చూడలేదు గానీ పెట్రోలు తాగడం అందరూ చూశారు. ఒకరోజు దాని ఇంజను ప్రాణం విడిచింది. అప్పటికే తోటలో బావి ఎండిపోయి, నీళ్లు తోడే డీజిల్ ఇంజను పాకలో ఖాళీగా పడి ఉంది. "ఇది బాయింజనప్పా, జీపుకెట్లా పడ్తాది?" అన్నాడు మెకానిక్కు. "అంత లోతు నుంచి నీళ్లు పైకి లాగింది, నన్ను ముందుకు లాగలేదా? ఊరికే కూర్చోని తుప్పు పడతాండాది, బిగించు" అన్నాడు మామ. మెకానిక్కు కళ్లనీళ్లతో వెల్డింగు చేశాడు (పొగ వల్ల అనేవాడు).

బావి ఇంజనుకు తెలిసింది ఒకటే వేగం. యాక్సిలరేటరు తొక్కితే కాలికి వ్యాయామం, అంతే. మూడో గేరు వేస్తే మూర్ఛపోయేది. నాలుగు చక్రాలకూ శక్తి పంచే బండే, పంచడానికి శక్తే లేదు. బావి దగ్గరైతే తోడిన నీళ్లే దాన్ని చల్లబరిచేవి. జీపులో బావి పట్టదు కాబట్టి వెనకసీటు పీకి నీళ్ల డ్రమ్ము పెట్టారు. డిగ్రీ చదువుతున్నానని దానికి కాపలాగా నన్ను పెట్టారు.

చిన్నమ్మ పెళ్లి హిందూపురంలో. మగ్గం దిగడం ఆలస్యమై, ముహూర్తం చీర పెళ్లిరోజు పొద్దున గానీ ధర్మవరంలో చేతికి రాలేదు. "నా చీర రాకుంటే పీటల మీద కూర్చోను" అని చిన్నమ్మ చెప్పి పంపింది. దాన్ని తెచ్చే పని మామకూ నాకూ పడింది. బస్సుకు పోదామని నేనంటే మామ "ఇంట్లో జీపు పెట్టుకోని బస్సేందిరా" అన్నాడు. చీర నా ఒళ్లో, డ్రమ్ము నా వీపుకు. దారిలో ఒక గొర్రెలమంద మమ్మల్ని దాటిపోయింది. కాపరి వెనక్కి తిరిగి "నిదానంగా రాండప్పా" అని ధైర్యం చెప్పాడు.

పెనుకొండ దాటి సోమందేపల్లి చేరేలోగా డ్రమ్ములో నీళ్లు మరిగి ఆవిరైపోయాయి. రోడ్డు పక్క పల్లెలో నీళ్లడుగుదామని ఆపేలోపే, ఊళ్లో ఆడవాళ్లంతా బిందెలతో ఎదురొచ్చారు. కరువు కాలం. ఎన్నాళ్లకో బావి ఇంజను చప్పుడు వినపడేసరికి, ఎవరి బావిలోనో నీళ్లు పడ్డాయనుకున్నారు. ముందున్న అవ్వ జీపు చుట్టూ తిరిగి చూసి "ఏమప్పా, బాయి యాడుండాది?" అంది. "బాయి లేదవ్వా. మాకే నీళ్లు కావల్ల" అన్నాడు మామ. ఖాళీ బిందెలూ ఖాళీ డ్రమ్మూ కాసేపు ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"బాయింజను బండికేసినావు సరే, బండింజను దేనికేసినావబ్బా, రోటికా?" అంది అవ్వ. నవ్వులయ్యాక మామ పెళ్లి సంగతి చెప్పాడు. పొద్దున ట్యాంకరు దగ్గర పట్టి ఇళ్లలో దాచుకున్న నీళ్లే ఇస్తామన్నారు, అయితే ముందు పెండ్లికూతురి చీర చూపించాలట. మామ మడతలు విప్పాడు. అంచు బాగుందని ఒకామె, కొంగు ఇంకొంచెం ఉండాల్సిందని ఇంకొకామె, పెద్ద పంచాయతీ. "ముహూర్తం దాటిపోతాదమ్మా" అన్నాడు మామ. "నీ బండిని జూస్తే అంత తొందరున్నట్టు లేదే" అంది అవ్వ. చివరికి డ్రమ్ము నింపి సాగనంపారు. చిన్నమ్మ పీటలెక్కే వేళకు సరిగ్గా చీర అందించాం. పెళ్లివారు జీపుకు హారతి పట్టారు.

ఇక కల్పించిందేదో ఒప్పుకోవాలి. గొర్రెలు నిజం, బిందెలు నిజం. హారతి అబద్ధం, సమయానికి చేరడమూ అబద్ధమే. మేం వెళ్లేసరికి రెండో బంతి భోజనాలు నడుస్తున్నాయి. ముహూర్తం ఆగదని పెద్దలు చిన్నమ్మను మా అమ్మ పట్టుచీరలో కూర్చోబెట్టేశారు. "నా పెండ్లికి అందురూ వచ్చినారు, నా చీర తప్ప" అని ఇప్పటికీ అంటుంది. ఇప్పుడు నా కారు ఆ దారిని అద్దాలెత్తుకుని క్షణంలో దాటేస్తుంది, ఆ చప్పుడుకు ఎవరూ పరిగెత్తుకు రారు. అయినా ఈ కథ ఎప్పుడు చెప్పినా జీపును ముహూర్తానికే చేరుస్తాను. చిన్నమ్మ చివరిదాకా విని, "ఈసారన్నా టయానికి తెచ్చినావులేరా" అంటుంది.