మేస్త్రి గారి అర పాయింటు

టైల్స్ మేస్త్రికి వంకర అంటే ఒళ్లు మంట. ఎవరింటికి వెళ్లినా ముందు నేలను చూస్తాడు, తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. టైలుకీ టైలుకీ మధ్య సందు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ పూట ఆయనకి అన్నం సయించదు. అంతటి పనిమంతుడు చదరంగం దగ్గరికొచ్చేసరికి తుస్సు. ఊరి పోటీల్లో ఐదేళ్లుగా ఏడాదికి ఐదాటలు ఆడుతున్నాడు, ఒక్కటంటే ఒక్కటీ గెలవలేదు. పనివాళ్లు చాటుగా ‘సున్నా మేస్త్రి’ అంటారు. చాటుగా ఏమిటిలెండి, మొహం మీదే అంటారు.

ఈసారి బయల్దేరేటప్పుడు ఆయనే నోరు జారాడు. "ఈ ఏడూ సున్నాయే అయితే ఇక ఆడను, బోర్డు అటకెక్కించెయ్" అన్నాడు భార్యతో. ఆవిడ "సరే" అంది. అంత తొందరగా ఒప్పేసుకుంటుందని అనుకోలేదు పాపం.

నాలుగాటలు పోయాయి. ఆఖరాట మందుల షాపాయనతో. ఏ వేళా విశేషమో గానీ, మేస్త్రి గెలుపు అంచుకొచ్చేశాడు! ఆయన బంటు చివరి గడికి ఒక్క అడుగు దూరంలో ఉంది, చేరితే మంత్రి అయిపోతుంది. ఇంకో బంటును ఒక్క గడి జరిపితే చాలు, షాపాయన రాజు దారి వదలక తప్పదు. చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే కనిపించింది, తన రాజు గడిలో ఓ మూలకి జరిగి ఉండటం. ఇంకేముంది, రెండు వేళ్లతో పట్టుకుని గడి మధ్యకి చక్కగా సర్దాడు. ఒక కన్ను మూసి సరిచూసుకున్నాడు కూడా.

తర్వాత గుర్తొచ్చింది. "సర్దుతున్నాను" అని ముందే చెప్పకుండా ఏ పావును ముట్టుకుంటే దాన్నే కదపాలి. షాపాయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు, చూడలేదు.

"నేను రాజుని ముట్టుకున్నానండీ" అన్నాడు మేస్త్రి చివరికి.

"అయ్యో, నేను చూడనే లేదే!"

"నేను చూశాగా."

రాజుని దూరంగా జరిపితే బంటు పోతుంది. బంటును కాస్తూ జరిపితే ఎదుటి రాజుకి కదలడానికి గడే ఉండదు, ఆట అక్కడితో ఆగిపోతుంది. అలాగే జరిపాడు. అయిపోయింది, బోర్డు అటకెక్కినట్టే అనుకుని తల పట్టుకున్నాడు.

షాపాయన లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "డ్రా, మేస్త్రి గారూ! చెరో అర పాయింటు! నా పని అయిపోయిందనుకున్నాను!"

వరసగా ఇరవై తొమ్మిది ఓడిన మనిషి, డ్రా అనేదొకటుందన్న సంగతే మరిచిపోయాడు. గోడ మీది పట్టికలో తన పేరెదుట అర వేసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆనందం పట్టలేక ఇంటికి ఫోన్ చేశాడు.

"సున్నా కాదే! అర!"

"అరా? అయితే సగం బోర్డే అటకెక్కిస్తాను" అంది భార్య. నవ్వాపుకోలేకపోతోంది. కాసేపటికి గొంతు సవరించుకుని అడిగింది.

"ఇంతకీ వచ్చే ఏడు పోటీలెప్పుడో కనుక్కున్నారా?"