ముల్లు గుచ్చిందన్నాం

నా చిన్నప్పుడు మేడ్చల్‌లో మా ఇంటికీ పక్కింటికీ నడుమ గోడ ఉండేది కాదు. ఒక తాటాకు పందిరి, దాని కింద వడ్లు పోసుకునే పెద్ద వెదురు గుమ్మి ఉండేవి. నాయిన కూలికి పోయే మనిషి కాబట్టి ఆ గుమ్మి నిండుగా ఉన్నప్పుడు నేను చూసింది తక్కువే. ఎండాకాలం వచ్చేసరికి అడుగున నాలుగు గింజలు కూడా మిగిలేవి కావు. అందులోనే నేను నా కుక్కపిల్ల ఎర్రోణ్ణి దాచాను. అప్పుడు నాకు ఏడేళ్లు. మొండితనంలో మాత్రం ముసలమ్మలకు తీసిపోయేదాన్ని కాదు. ఇప్పుడు ముసలమ్మనే అయ్యాను, మొండితనం అలాగే ఉంది.

ఆ వేసవిలో ఊళ్లోకి ఒక పిచ్చికుక్క వచ్చింది. దొరికిన కుక్కనల్లా కరిచి, చివరికి చెరువు కట్ట మీద దెబ్బలు తిని చచ్చింది. మర్నాడు ఊళ్లో డప్పు కొట్టించారు. అది కరిచిన కుక్కల్ని ఎవరూ ఇంట్లో ఉంచుకోకూడదని, అన్నింటినీ చంపేస్తారని చాటారు. మా ఎర్రోడి చెవికి గాటు పడడం నేను చూశాను. ఎవరి కంటా పడకుండా ఎత్తుకొచ్చి గుమ్మిలోకి దించాను. ఎటో పారిపోయిందని ఇంట్లో చెప్పాను. అమ్మ అప్పుడు బాలింత, లోపలి గది దాటి వచ్చేది కాదు. నాయిన పొద్దున పోతే మళ్లీ మాపటికే వచ్చేవాడు.

కనిపెట్టింది పక్కింటి అక్క ఒక్కతే. ఆమెకు పన్నెండేళ్లుంటాయి. తండ్రి లేడు. ఆదివారం వచ్చిందంటే తల్లీకూతుళ్లిద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని చర్చికి పోయేవాళ్లు. వాళ్లమ్మను నేను పెద్దమ్మ అనేదాన్ని. గుమ్మి దగ్గర దొరికిపోయి నేను బావురుమంటే అక్క భయపడిపోయింది. "ఏడ్వకే, ఎవ్వలకు జెప్ప" అంది. ఆ రోజు నుంచి తన జొన్న గట్కలో సగం ఎర్రోడికి పెట్టేది.

ఇరవై రోజులు గడిచాయేమో. ఎర్రోడు తిండి మానేశాడు. నోట్లోంచి చొంగ కారేది. వాడికి నీళ్లు పెడదామని నేను చేయి లోపలికి చాపబోతే, అక్క నన్ను వెనక్కి లాగి ముంత తనే దించింది. అప్పుడే కరిచాడు. చూపుడువేలి మీద రెండు చుక్కలు, అంతే. రెండో రోజుకి ఎర్రోడు చచ్చిపోయాడు. ఇద్దరం రైలుకట్ట పక్కన గుంత తీసి పూడ్చిపెట్టాం.

అక్క వేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. ఏమైందని పెద్దమ్మ అడిగితే తుమ్మ ముల్లు గుచ్చిందని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. "అవు పెద్దమ్మా, గింత పెద్దది" అన్నాను. ఎంత పెద్దదో వేళ్లతో కొలిచి చూపించాను కూడా.

వానలు పడి నాట్లు మొదలయ్యాక అక్కకు జ్వరం వచ్చింది. ఆ వేలు తిమ్మిరెక్కుతోందని అనేది. దాహం దాహం అంటూనే, నీళ్ల చెంబు చూస్తే గొంతు బిగుసుకుపోయి వణికిపోయేది. హకీం వచ్చి చూసి, కుక్కగానీ కరిచిందా అని అడిగాడు. లేదయ్యా, ముల్లు గుచ్చిందని పెద్దమ్మ గట్టిగా చెప్పింది. ఆమెకు తెలిసింది మేం చెప్పిన మాటే కదా. నేను గడప దగ్గరే నిలబడి ఉన్నాను. మూడో రోజు అక్క పోయింది. అంత యాతనలోనూ నా పేరు బయటపెట్టలేదు. నేనైతే ఏడవను కూడా లేదు. ఏడిస్తే ఎందుకని అడుగుతారేమోనని నా భయం.

అక్కను పూడ్చిన నాలుగో రోజున పెద్దమ్మ బాయి దగ్గర అక్క లంగా ఉతుకుతోంది. ఇక ఆగలేకపోయాను. వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె చేతిలో లంగా అలాగే ఉండిపోయింది, నీళ్లు కారిపోతున్నాయి. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె ఒకటే అడిగింది.

"నిన్ను గిట్ట నాకిందా బిడ్డా?"

నాకింది. అప్పట్లో నా చేతుల నిండా గజ్జి పుండ్లు. పెద్దమ్మ నన్ను రాయి మీద కూర్చోబెట్టి, ఆ బట్టల సబ్బుతోనే చేతులు కడిగి, వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసింది.

మర్నాడు పొద్దుటి రైలుకు నన్ను సికింద్రాబాద్ సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి వేయాలన్నారు. ఇంకెవరినైనా కరిచిందా అని కంపౌండరు అడిగితే, అక్కను కరిచిందని చెప్పాను.

"మరి ఆ పిల్లను తీస్కరాలేదేందమ్మా? అప్పుడే తెస్తే బతుకుతుండె గదా," అన్నాడతను.

పెద్దమ్మ తల వంచుకుంది. "మాకు తెల్వదయ్యా," అంది.

అతను సూది సిద్ధం చేసుకున్నాడు. నేను గింజుకోకుండా పెద్దమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. పద్నాలుగు రోజులూ అలాగే పట్టుకుంది. రైల్లో రొట్టె తుంచి పెట్టేది. ఆఖరి రోజు తిరిగొస్తుంటే, బండి అల్వాల్‌లో ఆగినప్పుడు ధైర్యం చేసి, నా మీద కోపం లేదా అని అడిగాను.

"ఉన్నది బిడ్డా. రోజూ వస్తాంది," అంది కిటికీలోంచి చూస్తూ. "గని నువ్వన్నా జెప్పినవు. నా బిడ్డ జెప్పలే."

అక్క చనిపోయాక నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే. రైల్లో అందరూ చూస్తున్నా ఏడ్చాను.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నన్ను పోలీసు నానమ్మ అని వెక్కిరిస్తారు. చేయి వెనక్కి దాచుకున్న పిల్లను వదిలిపెట్టను మరి. తిట్టను, కొట్టను, ఎవరిది తప్పని అడగను. ఏం చేసి వచ్చినా నాతో చెప్పుకోవచ్చని వాళ్లకు తెలుసు. ముల్లు గుచ్చిందంటే మాత్రం నమ్మను. దగ్గర కూర్చోబెట్టుకుని, సబ్బుతో కడిగి, వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూస్తాను. చూపుడువేలును మాత్రం రెండుసార్లు చూస్తాను.