గురజాల చెరువు నుంచి వచ్చిన పాత లెక్క

2023 జనవరి. నరసరావుపేటలో జూనియర్ కాలేజీ పిల్లలకు జువాలజీ చెప్పే నాకు ఏటా ఆ నెలలో ఇంకో పని కూడా ఉంటుంది. మా ప్రాంతపు చెరువుల మీద వాలే నీటిపక్షులను వాలంటీర్లు లెక్కపెట్టి కౌంట్ షీట్లు పంపుతారు. వాటిని సరిచూసి పైకి పంపేది నేను. జీతం లేని పనే. కానీ ఏ చెరువునైనా కాపాడండి అని అడగాలంటే మా చేతిలో ఉండేవి ఆ కాగితాలే.

ఆ ఏడు గురజాల దగ్గరి చెరువు షీటు చూస్తూ ఆగిపోయాను. పోయిన ఏడాది షీటు తీసి పక్కన పెట్టాను. తొమ్మిది రకాల పక్షులు, తొమ్మిది అంకెలూ అవే. పరిశీలకుల పేర్లూ అవే: నరహరి, సుభద్ర. ఏ రెండేళ్లూ పక్షులు ఒకే లెక్కకు రావు. ఇంట్లో కూర్చుని రాసేవాళ్లను అంతకుముందు కూడా చూశాను. కోపంతో ఫోన్ చేశాను. నరహరి గారిది గురజాలలో బట్టల కొట్టు; సుభద్ర గారు ఆయన భార్య.

"బాబాయిగారూ, అసలు చెరువు దగ్గరికి వెళ్లారా?"

"పోకుండా ఎట్టా రాస్తానమ్మా? రెండు రోజులు తెల్లారేసరికల్లా పోయి కూర్చున్నా."

"ఆదివారం నేనూ వస్తాను. మళ్లీ లెక్కపెడదాం."

"రామ్మా," అన్నారు.

మొదటి బస్సుకు వెళ్లేసరికి ఆయన కట్ట మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. నీళ్లు సగానికి తగ్గాయి. బురదలో నత్తగుల్ల కొంగలు తిరుగుతున్నాయి. నేను స్పాటింగ్ స్కోప్, అంటే మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టే దుర్భిణి, బిగించి చూడమన్నాను. ఆయన కదల్లేదు.

"లెక్కబెట్టేది నేను కాదమ్మా, సుభద్ర. ఆమె చూసి చెప్పేది, నేను రాసేవాణ్ణి. నాకు బాతులన్నీ ఒకటే."

"మరి పిన్నిగారు రాలేదేం?"

"శ్రావణంలో పోయింది."

స్కోప్ వదిలి ఆయన పక్కనే కట్ట మీద కూర్చున్నాను. ఆయనే చెప్పారు.

"ఆ రెండు రోజులూ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఇక్కడే కూర్చున్నా. చెప్పే మనిషి లేకపోతే ఏం రాయాల? పంపకపోతే చెరువు పేరు మీ లిస్టులోంచి తీసేస్తారేమోనని, పోయినేడు ఆమె చెప్పినయ్యే మళ్లీ రాశా."

సంచిలోంచి షీటు తీశాను. "దీన్ని కొట్టేయాలి బాబాయిగారూ."

"ఆమె లెక్క కొట్టేస్తారా?"

"ఆమె లెక్క పోయినేటి షీటులో ఉంది. దాన్నెవరూ ముట్టుకోరు. ఇది మాత్రం ఈ ఏటి చెరువు కాదు."

ఆయన పెన్ను అడిగి, తనే అడ్డంగా గీత కొట్టారు.

నుదుట తెల్లమచ్చ ఉండే బొల్లికోళ్లను చూపించి, బ్లాక్ కౌంట్ నేర్పాను. ముందు పది పక్షులను లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో చూసుకుని, మిగతా గుంపును ఆ కొలతతో అంచనా వేయడం. "పది... ఇరవై..." అంటుంటే ఆయన గొంతు జీరబోయింది.

"ఇంట్లో మాటాడే పని లేదుగా, గొంతు పట్టేసింది," అన్నారు.

ఈసారి రాసింది నేను. చివర పేర్ల దగ్గర షీటు ఆయనకిచ్చాను. నరహరి అని రాసి, అలవాటు కొద్దీ పక్కన కామా పెట్టి ఆగిపోయారు. ఆ కామా తర్వాత నా పేరు రాయడానికి నాకు చేయి రాలేదు. కింది వరుసలో రాసుకున్నాను.

ఇప్పుడు ఏటా ఆయన షీటు వస్తుంది. తెలిసిన మూడు రకాలకే అంకెలుంటాయి. మిగతా చోట్ల 'గుర్తుపట్టలేదు' అని ఉంటుంది. అలాగే పైకి పంపుతాను.

తప్పు అంకెను పట్టుకోవడం నాకు ముందే వచ్చు. నరహరి గారి తర్వాతే ఇంకొకటి అలవాటైంది. ఏ షీటు మీదైనా అనుమానం వచ్చి ఫోన్ చేస్తే, ముందు "ఈసారి మీతో ఎవరొచ్చారు?" అని అడుగుతాను. లెక్క సంగతి ఆ తర్వాతే.