పాడు అంటే పాడైపోయింది కాదు

పోయిన మంగళవారం పొద్దున ఏకాంబరం ఫోన్ చేశాడు. పులికాట్ సరస్సులో చేపలు పట్టే మనిషి, ముప్పై ఏళ్ల పరిచయం. "సారూ, మా కాలవలో చేపల్లేవంట. ఫ్యాక్టరీ నీళ్లు ఈడ వదిలినా ఎవురికీ నష్టం లేదంట. నీ లెక్కలే సూపించి రిపోర్టు రాసినారు. రేపు మీటింగు. వస్తావా, రావా?" అన్నాడు. సముద్రం, సరస్సుల మీద పరిశోధన చేసే ఒక కేంద్రంలో నేను గణాంక నిపుణుడిగా పనిచేసి రిటైరయ్యాను. బంగారుపాళ్యం దగ్గర పల్లెబడిలో చదివినవాణ్ణి. నలుగురిలో నోరు తెరవడం చేతకాదు. ఇన్నేళ్లూ నా తరఫున అంకెలే మాట్లాడాయి. ఆ అంకెల చేతే అబద్ధం చెప్పించారంటే ఒళ్లు మండింది. బీరువాలోని పాత నోటుపుస్తకం తీసి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు ఐదున్నరకు తిరుపతిలో బస్సెక్కాను. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు రెండున్నర గంటల పైనే పట్టింది. టిక్కెట్టు నూటయాభై లోపే. బస్టాండు బయట ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. సరస్సు ఒడ్డు పల్లెకు మూడువందలు అడిగాడు మునిరత్నం అనే డ్రైవరు.

"రాజహంసల్ని సూడ్డానికా, పెద్దాయనా?"

"కాదు. మీటింగుకు."

"ఓ, ఫ్యాక్టరీదా? శామియానా ఏసినారు, బిర్యానీ పొట్లాలు గూడా దిగినాయి. ఇంక అయిపోయినట్టే అప్పా!"

"తొందరగా పోనీ" అన్నాను. దారి పొడవునా నీళ్లలో రాజహంసలు నిలబడే ఉన్నాయి. ఒక్కదాన్నీ సరిగా చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ పల్లెల్లో వలలకు వంతులుంటాయి. సరస్సు లోపలి లోతైన కాలవలో ఏ రోజు ఎవరు వల వేయాలో చీట్లు తీసి తేల్చుకుంటారు. ఆ వంతును 'పాడు' అంటారు. తమ పాడు వచ్చిన రోజు తట్టలు నిండుతాయి. మిగతా రోజుల్లో ఒడ్డున మోకాలిలోతు నీళ్లలో దొరికిందే దిక్కు. ఉద్యోగంలో ఉండగా ఏకాంబరం చేత ఆ నోటుపుస్తకంలోనే రోజూ చేపల తూకం రాయించేవాణ్ణి. కాలవకు పోయిన రోజు అంకె పక్కన 'పాడు' అని రాసేవాడు. నేనూ పట్టికలో అలాగే ఎక్కించాను.

ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చే ముందు ఊరి మాట వినే మీటింగు అది, పదిన్నరకు మొదలైంది. నివేదిక తయారుచేసిన కుర్ర నిపుణుడు తెర మీద గీతలు చూపించి, కాలవలో చేపలు నామమాత్రమని చెప్పాడు. తెర మీద ఉన్నవి నా అంకెలే, కానీ కొన్ని రోజులవి లేవు. లేచి నిలబడి, ఆ లెక్కలు వేసింది నేనేనని చెప్పాను.

"మిగతా రోజులేవీ?"

"అవి పాడైన వివరాలు సార్. పక్కన 'పాడు' అని మీరే రాశారు కదా. అలాంటివి తీసేయడం పద్ధతి."

 ఏకాంబరం భార్య కన్నెమ్మ పకపకా నవ్వింది. "పాడంటే వంతబ్బా! మాకుండేదే ఆ పాడు, దాన్నీ పాడు జేసినావే!" ఆడవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాలవలో వల నిండిన రోజులన్నీ తీసిపారేసి, ఒడ్డున పట్టిన రోజులు చూపించి కాలవ ఖాళీగా ఉందని చెబుతున్నారు. ఊళ్లో ఒక్కరిని అడిగి ఉంటే చాలు. ఆ పిల్లవాడు ఈ ఒడ్డుకు రావడం అదే మొదటిసారట!

మీటింగు నడుపుతున్న పెద్ద అధికారి గడియారం చూసుకుని, "రాసి పంపండి, పరిశీలిస్తాం" అన్నాడు.

"ఇప్పుడే రాయండి. చదివి వినిపించండి" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. నోటుపుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టి, కూర్చోకుండా నిలబడ్డాను. నా వెనక ఊరంతా లేచి నిలబడింది. చివరికి రాశారు: 'పాడు అనగా వల వేయు వంతు. ఆ రోజులు కలిపి లెక్క తిరిగి వేయువరకు నివేదికను ఆమోదించరాదని గ్రామస్థుల అభ్యంతరం.' ఏకాంబరం ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాకే సంతకం పెట్టాడు.

బిర్యానీ పొట్లం ముట్టుకోలేదు. కన్నెమ్మ ఇంట్లో చేపల పులుసు తిన్నాను. "ఇంత నోరు ఇన్నాళ్లూ యాడ దాచినావు సారూ?" అందామె. మూడున్నరకు తిరుగు ప్రయాణం.

బస్సులో కోపం తగ్గలేదు. అయితే కొంత నా వైపుకు తిరిగింది. సముద్రం మీద ఎన్ని పట్టికలు వేశాను, ఎన్ని సూత్రాలు వాడాను! పట్టిక కింద 'పాడు అంటే వంతు' అని ఒక్క వరుస రాయలేదు. నాకు తెలిస్తే అందరికీ తెలిసినట్టే అనుకున్నాను. ఆ మూడు మాటలు రాయకపోవడం వల్ల ఒక ఊరి అన్నం పోయేది. ఇంకా పోదని చెప్పలేను. లెక్క మళ్లీ వేసేటప్పుడు పక్కనే కూర్చుంటానని అధికారికి చెప్పి వచ్చాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. పక్షులు కావాలంటే చలికాలంలో పొద్దున్నే వెళ్లండి. పడవ అడిగే ముందు మాత్రం, "ఈ రోజు పాడు ఎవరిది?" అని అడగండి. ఎవరిదైతే వాళ్ల పడవ అడక్కండి. ఆ రోజు వాళ్లకు తీరిక ఉండదు.