సీసా మెడ మీది బొట్టు

మా బీరువాలో చీరల వెనక ఒక పోర్ట్ వైన్ సీసా ఉండేది. పోర్ట్ అంటే బ్రాందీ కలిపిన తీపి వైన్. ఏళ్లు గడిచేకొద్దీ రుచి పెరుగుతుందట. దాని చరిత్ర మా నాచారం వీధిలో తెలియనివాడు లేడు. గోవాలో ఒక పోర్చుగీసు కెప్టెన్‌ను పేకాటలో ఓడించాను. వాడు ఓడే ఇచ్చేస్తానన్నాడు గానీ, నాచారంలో ఓడ ఎక్కడ కట్టేసుకుంటానని నేనే సీసాతో సరిపెట్టుకున్నాను. సీసా మెడ మీద ఎర్రటి చుక్క ఉండేది. అది కెప్టెన్ లక్కముద్ర. మొదట్లో కెప్టెన్‌కు ఒక చెయ్యి మాత్రమే లేదు. చెప్పగా చెప్పగా కన్ను కూడా పోయింది.

నేను గోవా చూడనే లేదు.

ఆ సీసా ఇచ్చింది ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్న అన్న. ఆఫీసు పని మీద పోర్చుగల్ వెళ్లొచ్చినప్పుడు తెచ్చాడు. వదిన దానికి కుంకుమ బొట్టు పెట్టి మరీ ఇచ్చింది, కొత్త ఫ్రిజ్‌కూ కొత్త స్కూటర్‌కూ పెట్టినట్టే. మందు సీసాకు బొట్టేందే అని అన్న నవ్వితే, ఏదైతేంది, కొత్తది గదా అంది. అందరం కలిసి తాగుదామనుకున్నాం. ఈలోగా వాళ్లు నాగోల్‌కు మారిపోయారు. కిందటేడు వదిన పోయింది.

మొన్న వేసవిలో ఉప్పల్ మార్కెట్లో పచ్చడి కాయలు ఏరుతుంటే అన్న కనిపించాడు. బాగా చిక్కిపోయాడు. వెళ్లబోతూ ఆగి, ఆ సీసా ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఒకసారి చూడాలని ఉందన్నాడు. ఉత్తగా చూసుడేంది, ఆదివారం రా, మూతే తీద్దామన్నాను.

ఆదివారం పొద్దున సీసాను తడిగుడ్డతో తళతళలాడేలా తుడిచాను. మధ్యాహ్నం అన్న వచ్చాడు. మా బామ్మర్దీ ఎదురింటాయనా అప్పటికే చేరారు. బిరడా పాతబడి పొడిపొడిగా రాలింది. చాయ్ జాలితో వడబోసి స్టీలు గ్లాసుల్లో పోశాను. ఎండుద్రాక్ష, పాతబెల్లం, కాస్త దగ్గుమందు కలిపినట్టుంది.

"బావా, కెప్టెన్ కథ జెప్పవేంది?" అన్నాడు బామ్మర్ది. "అన్నకు దెల్వదు గదా."

అప్పుడైనా నోరు కట్టుకోవాల్సింది. అన్న వైపు చూశాను. ఆయన నవ్వాడు. చెప్పమన్నట్టే అనుకున్నాను, చెప్పాలని నాకున్నది కాబట్టి. ఇక కన్నూ చెయ్యీ ఓడా అన్నీ వచ్చేశాయి. లక్కముద్ర దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ గొంతు తగ్గించి సీసా ఎత్తి చూపించాను. మెడ నున్నగా ఉంది. పొద్దున గుడ్డకు ఎర్రగా అంటుకున్నది గుర్తొచ్చింది. అయినా ఆగలేదు. సముద్రపు గాలికి కరిగిపోయిందన్నాను. నాచారంలో సముద్రపు గాలి ఎక్కడిదని బామ్మర్ది పడీ పడీ నవ్వాడు.

అన్న చెయ్యి చాచి సీసా తీసుకున్నాడు. కళ్లద్దాలు పైకి నెట్టి, మెడ చుట్టూ తిప్పి చూశాడు. కిటికీ వెలుతురుకు పట్టి మళ్లీ తిప్పాడు.

"ఈడ మీ వదిన పెట్టిన బొట్టుండె," అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

ఆయన తాగడానికి రాలేదు. చూడాలని ఉందని మార్కెట్లోనే చెప్పాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తల దించుకునే అందరి ముందూ నిజం చెప్పేశాను. సీసా ఇచ్చింది అన్న, బొట్టు పెట్టింది వదిన, తుడిచేసింది నేను. బామ్మర్ది తొడ చరిచాడు. "సీసాకు బొట్టంట. బావా, కెప్టెన్ కన్న గిదే మస్తుంది." ఎదురింటాయన కూడా నవ్వాడు.

అన్న కోప్పడితే బాగుండేది. గ్లాసులో మిగిలింది నెమ్మదిగా తాగి, ఖాళీ సీసా తీసుకుపోవచ్చా అని అడిగాడు.

సంచీ తెస్తానని వంటింట్లోకి వెళ్లి గుడ్డ కోసం వెతికాను. మా ఆవిడ ఉతికి పెరట్లో తీగ మీద ఆరేసింది. ఒక మూలన లేత ఎర్రటి మరక. కుంకుమదో, కొత్తావకాయదో. ఇదే అన్నా వదిన బొట్టు అని చేతిలో పెడితే నమ్మేవాడు, కళ్లకద్దుకునేవాడు కూడా. ఆ మాట నోటిదాకా వచ్చింది.

గుడ్డ తీగ మీదే వదిలేసి, సీసాను సంచీలో పెట్టి ఇచ్చాను. మెట్రో దాకా స్కూటర్ మీద దింపుతానన్నాను. వద్దు, ఆటోలో పోతానన్నాడు.