నా చరిత్ర చెరపడానికి వచ్చిన బ్రదర్

కంప్యూటర్ కట్టేస్తే అందులో చూసినవన్నీ కూడా మాయమైపోతాయని నమ్మిన తెలివైనవాణ్ణి నేను. టీవీ ఆపితే బొమ్మ పోవడం లేదా, రేడియో ఆపితే వార్తలు పోవడం లేదా, ఇదీ అంతే అనుకున్నాను. పైగా నా జాగ్రత్తలు నాకున్నాయి. ఆపగానే దాని మీద మా ఆవిడ క్రోషియాతో అల్లిన తెల్లగుడ్డ కప్పేసేవాణ్ణి. ఆ గుడ్డ ముసుగేసుకున్న కంప్యూటర్ కంటే అమాయకమైన వస్తువు ఒమాన్‌లో మేముండే అల్ సువైక్ ఊరు మొత్తం మీద ఇంకోటి ఉండేది కాదు, నన్ను మినహాయిస్తే.

తొంభైల చివరి మాట. మా ఆవిడ అక్కడి ఆసుపత్రిలో నర్సు. నేను ఆవిడ వీసా తోక పట్టుకుని అరేబియా సముద్రం ఈదినవాణ్ణి. ఈది ఒడ్డున పడ్డాక బండి సామాన్ల షాపులో లెక్కలు రాసే పని దొరికింది. ఇండియా వెళ్లిపోతున్న ఒక మలయాళీ ఆయన దగ్గర ఆ కంప్యూటర్ కొన్నాం. పాప చదువు కోసం అని అందరికీ చెప్పాం. పాపకి అప్పుడు నాలుగేళ్లు. ఆ యంత్రం మీద దాని చదువంతా మౌస్‌ని తోక పట్టుకుని ఇల్లంతా ఈడ్చుకు తిరగడమే.

శుక్రవారం మా ముందు గదిలో తెలుగువాళ్ల ప్రార్థన కూడిక జరిగేది. మంచం ఎత్తి గోడకి ఆనించి, చాపలు పరిచేవాళ్లం. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నర్సులు, వాళ్ల భర్తలు, పిల్లలు వచ్చేవారు. పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాక టీ. టీ అయ్యాక అసలు భక్తి మొదలయ్యేది. అందరూ కంప్యూటర్ చుట్టూ చేరి తెలుగు పేపరు తెరవమనేవారు. ఫోను లైను మీద ఆ మోడెమ్ పెట్టే కూతలు, మధ్యలో గరగర, చివరికి ఒక్కో అక్షరం తెర మీదికి దిగుతుంటే గదిలో అందరూ ఊపిరి బిగపట్టడం, కిటికీలోంచి ఎండు చేపల వాసనతో సముద్రపు గాలి. ఇప్పుడు జేబులో ఉన్న ఫోనులో అన్ని పేపర్లూ వస్తున్నాయి. ఒక్కటీ అంత రుచిగా లేదు.

మా ఆవిడ కాంట్రాక్టు గడువు ఆ ఏడాదితో అయిపోతుంది. ఒమానీ అమ్మాయిలు నర్సింగు చదివి వస్తున్నారు, బయటివాళ్లలో కొందరికి పొడిగించడం లేదని ఆసుపత్రిలో అనుకుంటున్నారు. నాకు గుండెల్లో రాయి పడింది. ఆవిడ మాత్రం, "ప్రార్థనలో పెట్టాం గదా. ఇంక దాని గురించి ఇంట్లో మాటలొద్దు," అంది. నేను గట్టిగా ఆమెన్ అన్నాను. ఆవిడ తండ్రి ఊళ్లో చర్చి ఉపదేశి. పెరిగిందే ఆ మాటల మధ్య. నా భయం బయటపడితే ఆవిడ విశ్వాసాన్ని నేను నమ్మనట్టవుతుంది. అందుకని భయాన్ని పైకి రానీయకుండా లోపలే దాచాను. లోపల దాచినదానికి ఎక్కడో ఒకచోట చిల్లు పడుతుంది గదా.

ఒంటిగంటకి షాపు మూస్తే మళ్లీ నాలుగింటికే తీయడం. ఆ వేళ ఊరంతా నిద్రపోతుంది. పాప కూడా పడుకున్నాక, ఆవిడ డ్యూటీ దిగి వచ్చేలోపు ఇంట్లో నేనూ కంప్యూటరూ మిగిలేవాళ్లం. శుక్రవారాలు అందరూ చదివేది ఒక పేపరు. నేను ఒక్కణ్ణే ఇంకో పేపరు తెరిచేవాణ్ణి. దాంట్లో రాశిఫలాలు ఉండేవి.

అసలు చిక్కు ఏమిటంటే మాకు రాశులు లేవు. బాప్తిస్మం తేదీ ఉంటుందిగాని నక్షత్రం ఎవరు రాసి పెడతారు? మా షాపు గోడౌనులో నిజామాబాద్ వైపు మనిషి ఒకాయన ఉండేవాడు. పంచాంగం తెలిసినవాడు. ఎవరో బంధువుల సంగతన్నట్టు మొదలుపెట్టి చివరికి ఆయన్నే అడిగాను.

"పుట్టిన టైమ్ తెల్వకున్నా ఏం గాదు సార్. పేరుల మొదటి అక్షరం జెప్పుండ్రి."

"మ."

"మ అంటే మఖ నక్షత్రం. సింహరాశి. ఎవ్వరిది సార్, మేడమ్‌దా?"

"ఆ."

"మేడమ్ ఇంట్ల జబర్దస్త్ ఉంటదా?"

"ఉంటుంది."

"అయితే కరెక్టే."

యెరూషలేము వైపు నించి నడిచొచ్చిన పేరుకి అల్ సువైక్‌లో నిజామాబాద్ ఆయన నక్షత్రం కట్టాడు. నేను కళ్లకద్దుకున్నాను. సింహరాశికి కార్యజయం అని ఉంటే ఆ మధ్యాహ్నం ఇంకో ముద్ద ఎక్కువ తినేవాణ్ణి. అనుకోని ప్రయాణాలు అని ఉంటే అన్నం దిగేది కాదు. మాకు అనుకోని ప్రయాణమంటే ఇండియాకి పెట్టె సర్దుకోవడమే.

ఇలా ఉండగా ల్యాబు బ్రదర్ నా బతుకులోకి వచ్చాడు. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఆయన. కూడికలో వాక్యం చెప్పేది ఆయనే, కంప్యూటర్ తెలిసిన ఒకే ఒక్కడూ ఆయనే. ఒక శుక్రవారం టీ గ్లాసు పక్కన పెట్టి, "ఇది చూశారా బ్రదర్, మనం ఎక్కడెక్కడికి పోయొచ్చామో ఈ మిషన్ అన్నీ రాసి పెట్టుకుంటుంది. పరలోకంలో లెక్క రాసినట్టే. ఈ మీట నొక్కితే చాలు, చరిత్రంతా వస్తుంది," అన్నాడు. ఆయన వేలు మీట వైపు వెళ్తోంది. నా కాలు బల్ల కింద స్విచ్చికి తగిలింది. కాలికి ఆ పని చెప్పింది నేనే.

మర్నాడు మధ్యాహ్నం సొంత వైద్యం చేశాను. ఇంటర్నెట్ తెరిచే బొమ్మ ఒకటి తెర మీద ఉండేది. దాన్ని పట్టుకుని చెత్తబుట్టలో వేశాను. వాకిలి పీకేస్తే ఇంట్లో దొంగ ఉన్నాడని ఎవరికి తెలుస్తుందన్నది నా తర్కం. తర్వాతి శుక్రవారం పేపరు రాలేదని కూడికంతా విచారంలో మునిగింది. ల్యాబు బ్రదర్ టీ చల్లారేలోపు ఆ బొమ్మని మళ్లీ తెచ్చి పెట్టి నా వంక చూశాడు. ఇంక లాభం లేదని ఆయన్ని మేడ మెట్ల మీదికి తీసుకెళ్లాను.

"బ్రదర్, నా స్నేహితుడొకాయన చూడకూడనిది చూశాడు. చెరపడం ఎలా అని అడుగుతున్నాడు."

"ఆయన కంప్యూటర్ కూడా మీ ఇంట్లోనే ఉందా బ్రదర్?"

గురువారం మా ఆవిడ డ్యూటీలో ఉండగా వస్తానన్నాడు. వచ్చి, కుర్చీ లాక్కుని, మీట నొక్కాడు. ఆయన ఊహించింది వేరే అయ్యుంటుంది. మొహంలో అదోరకం దిగాలు కనిపించింది. కాసేపు చదివాడు.

"సింహరాశి. మళ్లీ సింహరాశి. ఇదీ సింహరాశే. ఏంటి బ్రదర్, మొత్తం అడివే ఉందిక్కడ."

"చెరిపేయండి బ్రదర్."

చెరిపాడు. "అయిపోయింది. ఇవాళ్టి నించి మీరు చరిత్రహీనులు. సిస్టర్‌కి చెప్పనులెండి."

ఆ "లెండి" ఖరీదు నాకు తర్వాత తెలిసింది. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆయన మా ఇంట్లో ప్రత్యక్షం. వాళ్ల ఇంటికి ఫోను లైను లేదట. నేను లోపల పడుకుని కునుకు పట్టక దొర్లుతుంటే ముందు గదిలో ఆయన కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. శుక్రవారం వాక్యం చెప్తూ, "తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రం చూసి నడిచారు. మనలో కొందరు పట్టపగలే చూస్తారు," అని నా వైపు తిరిగి నవ్వేవాడు. అందరూ ఏదో అర్థమైనట్టు తలలూపేవారు. వెళ్తూ గుమ్మంలో, "సింహం బోనులోనే ఉందా బ్రదర్?" అని అడిగేవాడు. మా ఆవిడ ఆ మాట విననే వింది.

"ఆ బ్రదర్ ఏంటండీ, ఎప్పుడూ నక్షత్రాలంటాడు?"

"క్రిస్మస్ గదా."

"అయిపోయి మూణ్ణెల్లయింది."

ఈ రాశిఫలాల సంగతి ఈవిడకి తెలిస్తే ఏమవుతానా అని ప్రతి శుక్రవారం ఉదయం లేచేటప్పటికే నాకు దిగులు పట్టుకునేది. ఆయన చెరిపింది నా చరిత్రని. నా భయాన్ని చెరపలేదు సరికదా, దాన్ని వారానికోసారి పాలిష్ పెట్టి వెళ్తున్నాడు.

ఒక గురువారం ఆయన వచ్చి వెళ్లాక, సాయంత్రం మా ఆవిడ తనే కంప్యూటర్ ముందు కూర్చుంది. రోజూ చూసే పేపరు ఎంతకీ రాలేదు. రెండో పేపరు పేరు కొట్టింది. వంటింట్లోంచి నాకు మోడెమ్ కూత వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

"ఏవండీ."

వెళ్లాను. తెర పైన ఒక మూల, నేను అడగకుండానే, సింహరాశి వారికి ఈ రోజు అని మెరుస్తోంది. ఒకసారి రాశి చెప్తే మళ్లీ మళ్లీ అడిగి విసిగించకుండా గుర్తుపెట్టుకునే మర్యాద ఆ పేపరుకి ఉందని నాకు తెలియదు. చరిత్ర చెరిగినా ఆ గుర్తు చెరగలేదు.

"సింహరాశి ఎవరు?"

"నువ్వే."

ఆవిడ కుర్చీ తిప్పి నన్ను చూసింది. మొత్తం చెప్పాను, గోడౌను ఆయనతో సహా. కాంట్రాక్టు దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న తెల్లగుడ్డని మడతలు పెట్టసాగాను.

"భయమేసిందా?" అంది.

"వేసింది."

"నాకూ వేస్తోంది. చెప్పుకుందామంటే మీరేమో గోడలదిరేలా ఆమెన్ అంటున్నారు."

పాప మౌస్ తోక లాగుతూ మా ఇద్దరి మధ్యా తిరుగుతోంది. కొంతసేపటికి ఆవిడే, "ఇంతకీ ఇవాళ ఏం రాశాడు?" అంది. పై అధికారుల మన్నన పొందుతారని ఉంది. "పొద్దున్న మేట్రన్ పెట్టిన చివాట్లు అవేనేమో," అంది. మళ్లీ ఏదో గుర్తొచ్చి, "అయినా 'మ' అన్నది చర్చిలో పెట్టిన పేరు. బడిలో చేర్చేదాకా నన్ను ఇంట్లో పిలిచిన పేరు వేరే. ఇన్నాళ్లూ మీరు ఎవరి జాతకం చూశారండీ?" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ కాంట్రాక్టు తర్వాత పొడిగించారు. ఏ రాశి పుణ్యమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ గుర్తు ఎక్కడ దాక్కుందో వెతికాం. కనపడని ఫైళ్లని కూడా చూపించమని ఒకచోట టిక్కు పెట్టాలని ఆవిడే కనిపెట్టింది. పెట్టగానే అరలో అర తెరుచుకుని చిన్నచిన్న ఫైళ్లు బయటపడ్డాయి. వాటిని కుకీలంటారట. బిస్కెట్ల పేరు పెట్టినవాడెవడోగాని తెలిసినవాడే. తిన్నవాడు మూతి తుడుచుకున్నా చొక్కా మీద పొడి మిగులుతుంది. ఒక్కొక్కటే దులిపేశాం. పనిలో పనిగా చరిత్ర కూడా చూద్దామని మీట నొక్కింది ఆవిడ.

గురువారం కింద వరసగా ఇంగ్లీషు ప్రసంగాల పేజీలు. పాత గురువారాల కింద కూడా అవే. ఒకటి తెరిచాం. దారితప్పిన గొర్రెల కాపరి, చుట్టూ మంచు. కిందటి శుక్రవారం విన్నదే. ఇంకోటి తెరిస్తే గడ్డకట్టిన నది. అది అంతకు ముందు వారానిది. తెల్లవారుజామున ప్రభువు నా హృదయంలో పెట్టిన మాట అని ల్యాబు బ్రదర్ కళ్లు మూసుకుని మొదలుపెట్టేవాడు. "ఈయన వాక్యంలో ఎప్పుడూ మంచు కురుస్తుందేంటా అనుకునేదాన్ని," అంది మా ఆవిడ. ఊరందరి చరిత్రలూ చెరిపే మనిషికి తనది కూడా ఉంటుందని తోచలేదు. లేదా, ఆ మీట నొక్కడం నాకు ఈ జన్మలో రాదని ధీమా. ధీమాకి తగిన కారణాలు ఉన్నాయి.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన తెరిచిన పేజీలో మంచు తుఫానులో చిక్కుకున్న తపాలా బండివాడి కథ ఉంది. దారి కనపడక చివరికి కళ్లేలు వదిలేస్తాడు. గుర్రం దానంతటదే ఇల్లు చేరుస్తుంది.

"పాపం, ఏమీ అనకండి," అంది ఆవిడ.

"ఏమీ అనను," అన్నాను.

అనలేదు కూడా. మర్నాడు కూడికలో ప్రారంభ ప్రార్థన వంతు నాది. మామూలుగా నా ప్రార్థన పిల్లలు అటూ ఇటూ కదిలేలోపు అయిపోతుంది. ఆ రోజు కళ్లు మూసుకుని నింపాదిగా మొదలుపెట్టాను. దేవుడికి తెలియని సంగతి కాకపోయినా ప్రార్థనలో ఆయనకి సమస్తం వివరించి చెప్పడం మా వైపు అలవాటే. ప్రభువా, మంచు తుఫానులో దారితప్పిన ఆ తపాలా బండివాణ్ణి నువ్వెరుగుదువు, అన్నాను. వాడి చేతులు కొంకర్లు పోయిన సంగతి ఎరుగుదువు. లాంతరు ఆరిపోయిన సంగతి ఎరుగుదువు. కళ్లేలు వదిలేశాక ఆ మూగజీవం వాణ్ణి గుమ్మం ముందుకు చేర్చిన విధమూ ఎరుగుదువు. మేమూ మా భయాలకు కట్టిన కళ్లేలు వదిలేసేలా సాయం చెయ్యి. గదిలో ఎవరో ముక్కు చీదారు. నా ప్రార్థనకి కన్నీళ్లు రావడం అదే మొదలు, అదే ఆఖరు.

తర్వాత ల్యాబు బ్రదర్ లేచాడు. పుస్తకం తెరిచాడు, మూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ముందు ఒక పాట పాడుకుందాం," అన్నాడు. పాడాం. "ఇంకో పాట," అన్నాడు. ఆ శుక్రవారం పాడినన్ని పాటలు మేం ఒమాన్‌లో ఉన్నన్నాళ్లూ ఇంకెప్పుడూ పాడలేదు. మా ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఎత్తకుండా కూర్చుంది.

టీ దగ్గర ఆయన గ్లాసు పట్టుకుని నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ప్రార్థన బాగుంది బ్రదర్. ఎక్కడ దొరికింది?"

"ఇక్కడే బ్రదర్. నిన్న మీరు వెళ్లాక."

ఆయన టీ తాగాడు. నేను పంచదార ఇంకో చెంచా వేసిచ్చాను.