సత్తవ్వ ట్రాక్టరూ మా తెల్ల కారూ

మొన్న కరీంనగర్‌లో మా ఆడబిడ్డ కొత్త కారు కొంటే, చూద్దామని వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. రబ్బరు, రెగ్జిన్, జిగురు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు నవ్వు ఆగలేదు. "ఏమైంది వదినా?" అని ఆడబిడ్డ అడిగింది. ఏమని చెప్పను? చాలా ఏళ్ల కిందట మెట్‌పల్లిలో మా మొదటి కారు ఎక్కి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "చెప్పుల దుకాణంల కూసున్నట్టున్నది బిడ్డా, జర అద్దం దించు" అన్న మనిషి గుర్తొచ్చింది. ఆమె పేరు సత్తవ్వ. మా పక్కింటి మనిషి. చుట్టరికం ఏమీ లేదు గానీ, మా ఆయన ఆమెను చిన్నమ్మా అనేవాడు కాబట్టి నాకు అత్తమ్మ అయింది.

నేను నస్పూర్ పిల్లను. బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో పెరిగాను. మా బాపు డ్యూటీకి సైకిలు మీద పోయేవాడు. మా ఇంట్లో బండి అంటే అదే. పెళ్లై మెట్‌పల్లి వచ్చాక, మొదటి రోజు తెల్లారగానే కిటికీ బయట ఏదో పేలినట్టు చప్పుడైతే ఉలిక్కిపడి లేచాను. పక్కింటి వాకిట్లో ఒక పాత ట్రాక్టర్ నల్లటి పొగ వదులుతూ వణుకుతోంది. ఒకప్పటి ఎరుపు ఎండకు వెలిసి ఎండుమిరపకాయ రంగుకు వచ్చింది. దాని మీద గోచీ పోసి చీర కట్టుకుని, తలకు తువ్వాల చుట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నన్ను చూసి, "రమేశు పెండ్లామువా? లేసినవా? మంచిది" అని, గేరు వేసి పొలానికి వెళ్లిపోయింది.

ఆ ట్రాక్టర్ కొన్నది ఆమె భర్త. ఆయన పోయాక చుట్టాలందరూ వచ్చి, ఇనుప సామాను వాకిట్లో పెట్టుకుని ఏం చేస్తావు, అమ్మెయ్యమన్నారట. సత్తవ్వ అందరికీ చాయ్ పోసి పంపించి, తన తమ్ముడిని పిలిపించుకుని తోలడం నేర్చుకుంది. పసుపు, మక్క తనే వేసేది, తనే దున్నేది. ఆడమనిషి ట్రాక్టర్ తోలడమేమిటని ఎవరైనా అంటే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఆగుమంటె ఆగుతది, పొమ్మంటె పోతది. మీ ఇండ్లల్ల మొగోళ్లు గిట్ల ఎన్నడన్న ఇన్నరా?"

మా ఆయన రమేశ్‌కు బస్టాండు దగ్గర మందుల దుకాణం. కొన్నాళ్లకు ఆయన మోజుపడి ఒక తెల్ల కారు కొన్నాడు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వీధంతా మిఠాయి పంచాం. సత్తవ్వ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వేలి కణుపుతో తలుపు మీద టకటకమని కొట్టింది.

"గిది రేకా, అప్పడమా కొడకా?"

రమేశ్ ముఖం మాడిపోయింది. "తేలికగ ఉంటనే ఉరుకుతది చిన్నమ్మా. గుర్రం ఒంట్ల ఎద్దు బొక్కలు పెడితె ఉరుకుతదా?"

"ఉరుకుతది, మంచిదే. ఎన్నేండ్లు ఉరుకుతది?"

అలా మొదలైంది వాళ్లిద్దరి పంచాయితీ. సాయంత్రం దుకాణం నుంచి రమేశ్ రావడం, అరుగు మీద సత్తవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని ఉండటం, కారు గట్టిదా ట్రాక్టర్ గట్టిదా అని ఇద్దరూ మొదలుపెట్టడం. మధ్యలో చాయ్‌లు అందిస్తూ నేను వినేదాన్ని. రమేశ్ మాటలో న్యాయం లేకపోలేదు. ట్రాక్టర్ మెల్లగా నడుస్తుంది, పంట పనులు లేనప్పుడు నెలల తరబడి నీడన నిలబడుతుంది. కారుకు ఆ సుఖం లేదు. కానీ సత్తవ్వ మాటా కొట్టిపారేసేది కాదు. ట్రాక్టర్ ఇంజను దమ్ము తీసుకుంటూ మెల్లగా తిరుగుతుంది, ఒంటి నిండా మందపాటి ఇనుము. బురదలో, రాళ్లలో, నాగళ్లు లాగుతూ బతికేది అది. రోడ్డు మీద నున్నగా పోయే కారును దానితో పోల్చడమేమిటని ఆమె వాదన.

ఒక ఎండాకాలం ఆమె ట్రాక్టర్ ఇంజను విప్పించి లోపలి సామాను మార్పించింది. రమేశ్‌కు పండగే అయింది. "చిన్నమ్మా, టైర్లు మార్చినవ్, సీటు మార్చినవ్, ఇయ్యాల ఇంజను పేగులు గూడ మార్చినవ్. ఇగ దాంట్ల పాతదేమున్నది? గిది గట్టి బండెట్లైతది?"

సత్తవ్వ తాపీగా తమలపాకు నములుతూ అంది: "నీ పాలపండ్లు ఊడినయా లేదా?"

"ఊడినయ్."

"కొత్తయి వచ్చినయా?"

"వచ్చినయ్."

"మరి నువ్వు రమేశువేనా, వేరేటోనివా? విప్పితె మల్ల బిగించరావాలె కొడకా, గదే గట్టితనం."

ఆ రోజు రమేశ్ అన్నం తింటూ నాలుకతో పళ్లు తడుముకున్నాడు.

నాకు మాత్రం బండి నడపాలని కోరికగా ఉండేది. రెండు మూడు సార్లు రమేశ్‌ను అడిగాను. "నేర్పుతా, నేర్పుతా. ఇంకా కొత్తగున్నది, గీత పడితె బాగుండది" అనేవాడు. దసరా పోయింది, దీపావళి పోయింది, కారు కొత్తదనం పోలేదు. ఒకరోజు గోడ అవతలి నుంచి ఈ మాటలు విన్నదేమో, సత్తవ్వ నన్ను కేకేసింది. "పిల్లా, గీ బండి మీద నేర్చుకో. దీనికి గీత పడ్డా ఏడ పడ్డదో ఎవ్వనికి తెల్వది."

కోసేసిన మక్క చేనులో ఆమె నాకు ట్రాక్టర్ నేర్పింది. మొదట్లో క్లచ్ తొక్కడానికి నా బరువు చాలక, స్టీరింగ్ పట్టుకుని దాదాపు లేచి నిలబడేదాన్ని. ఒకసారి బండిని ఇంటికి తెస్తూ మలుపు తప్పి, ఆమె ప్రహరీ గోడనే గుద్దాను. గోడ ఒక బారెడు కూలిపోయింది. ట్రాక్టర్ బంపర్ మీద కాస్త సున్నం అంటుకుంది, అంతే. నాకు ఏడుపొక్కటే తక్కువ. సత్తవ్వ ఇటుకల్లోంచి నడిచొచ్చి, కొంగుతో ఆ సున్నం తుడిచి, "ఆ గోడ ఎట్లాగు వంకరనే ఉన్నది. మంచిగ కట్టిపిస్త" అంది. అదే మా కారైతే? గట్టి వస్తువుకున్న గొప్ప సుగుణం ఎక్కువ కాలం మన్నడం ఒక్కటే కాదనీ, నేర్చుకునేవాళ్ల తప్పులను అది ఓర్చుకుంటుందనీ నాకు ఆ రోజే అర్థమైంది. మనుషుల్లోనూ అలాంటివాళ్లుంటారు. ఆమె అలాంటి మనిషి.

ఆ తర్వాతి వానాకాలంలో ఒకరోజు రమేశ్ మందుల స్టాకు తేవడానికి, కారుకు బురద అంటుతుందని బస్సులో కరీంనగర్ పోయాడు. నేను సత్తవ్వతో ట్రాక్టర్ మీద పొలానికి వెళ్లాను. పొద్దున్నుంచీ ముసురు. పసుపు చేనులో కలుపు తీస్తున్న కూలీల దగ్గరికి నడుస్తూ ఆమె గట్టు మీద కాలు జారి పడింది. లేపబోతే కెవ్వుమంది. మోకాలి కింద కాలు పక్కకు వంగి ఉంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే వేరే ఊరికి పోయింది, ఆలస్యమవుతుందన్నారు. వచ్చినా ఆ బురద బాటలో పొలం దాకా రాలేదు. కూలీ ఆడవాళ్లు ట్రాక్టర్ ట్రాలీలో గోనెసంచులు పరిచి, ఆమెను ఎత్తి పడుకోబెట్టారు. నేను సీటు ఎక్కి స్టీరింగ్ పట్టుకున్నాను.

"అత్తమ్మా, నాకు భయమైతుంది."

"భయపడుకుంటనే తోలు. నడుమల ఆపకు, ఆపితె బురదల దిగవడుతది."

తోలాను. చక్రాలు సగం దాకా బురదలో మునుగుతున్నా ఆ బండి గురగురమంటూ ముందుకే పోయింది. ప్రతి గుంతకూ వెనక నుంచి కేక వినిపించేది. "క్లచ్చి మెల్లగ ఇడువు! ఇరిగింది నా కాలు, నీది గాదు!" ఆమె తిడుతున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది. ఇంటి ముందుకొచ్చాక దిక్కుతోచలేదు. జగిత్యాల ఆసుపత్రి దాకా ఆ ట్రాలీలో కుదుపుతూ తీసుకెళ్తే ఆమె తట్టుకోలేదు. మా కారు వాకిట్లో తళతళలాడుతూ ఉంది. తాళంచెవి దేవుడి పటం పక్క మేకుకు వేలాడుతోంది. లోపలికెళ్లి తీసుకున్నాను. ట్రాలీలో తోడొచ్చిన కూలీలు ఆమెను కారు వెనక సీటు మీద పడుకోబెట్టారు.

ట్రాక్టర్‌ను కాలంతా పెట్టి తొక్కిన అలవాటు నాది. కారు పెడల్ మీద అలా కాలు మోపగానే అది మేకపిల్లలా ఎగిరింది. గేటు దాటుతుంటే పక్క నుంచి కర్రుమని చప్పుడు.

"ఏం సప్పుడది?" వెనక సీటు మీద పడుకున్న సత్తవ్వ అడిగింది.

"గేటు తాకింది అత్తమ్మా."

"గేటు మంచిగనే ఉన్నదా?"

అంత కంగారులోనూ నవ్వొచ్చింది. కోరుట్ల దాటాక ఆమె నోట మాట లేదు. "అత్తమ్మా, మాట్లాడు. ఏదన్న ఒకటి మాట్లాడు" అన్నాను. కాసేపటికి నీరసంగా గొంతు వినిపించింది. "ఏం మాట్లాడాలె బిడ్డా. పరుపు మీద పండుకున్నట్టున్నది. కారు మంచిదే. నేను గిట్లన్ననని రమేశుకు చెప్పకు."

సాయంత్రానికి రమేశ్ ఆసుపత్రికి పరుగున వచ్చాడు. కట్టు కట్టించుకుని పడుకున్న ఆమెను చూసి నెమ్మదించాక, ఆమె తమ్ముడిని తోడుంచి ఇద్దరం బయటికొచ్చాం. ముందు తలుపు నుంచి వెనక చక్రం దాకా పడ్డ గీతను ఆయన అరచేత్తో తడిమాడు. నేను నేలచూపులు చూస్తున్నాను.

"వానల ఒక్కదానివే తోలుకొచ్చినవా?" అన్నాడు.

తలూపాను. ఆయన తాళంచెవిని నా చేతిలోనే ఉంచి, అటు తిరిగి పక్క సీట్లో ఎక్కాడు. మెట్‌పల్లి వచ్చేదాకా లేని బ్రేకును పాదంతో తొక్కుతూనే ఉన్నాడు గానీ, ఒక్కసారి కూడా ఆపమనలేదు. సత్తవ్వ చెప్పొద్దన్న మాటను మాత్రం కోరుట్ల రాకముందే చెప్పేశాను. ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఏడు ఆమె పొలం పనికి ట్రాక్టర్ నేనే తోలాను. ఆమె గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని, ఊరంతా వినేలా నన్ను నడిపించింది. కాలు నయమయ్యాక మా కారు బాధ్యత కూడా తనే తీసుకుంది. "ఇంజను లేవంగనే ఉరికియ్యకు. నువ్వు నిద్ర లేవంగనే ఉరుకుతవా?" అనేది. పైన తళతళలాడేలా తుడిచే రమేశ్‌ను పట్టుకుని, అడుగున అంటిన బురద కడగమని పోరేది. ఒకరోజు ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "కారును మంది చూసేతందుకు కొంటరు. మంది చూసుడు బందయితె అది పాతదయితది. ట్రాక్టర్‌ను పనికి కొంటరు. పని ఉన్నన్ని దినాలు దాన్ని ఎవ్వలు పాతది అనరు."

మా వీధిలో మాతో పాటు కొన్న కార్లన్నీ చేతులు మారిపోయినా మాది నడుస్తూనే ఉండింది. కారు గెలిచిందని రమేశ్, ట్రాక్టర్ దగ్గర బుద్ధి నేర్చుకుంది కాబట్టే బతికిందని సత్తవ్వ. చివరికి అడుగు రేకు తుప్పుపట్టి, కాళ్ల కింద రోడ్డు కనిపించే స్థితికి వచ్చాక అమ్మేశాం. సత్తవ్వ ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిని, అరుగు మీద గోడకు ఆనుకుని అలాగే కన్నుమూసింది. వారం ముందు కూడా దున్ని వచ్చిన మనిషి. ట్రాక్టర్‌ను ఆమె తమ్ముడి కొడుకు నడుపుతున్నాడు. ఇప్పటికీ దున్నుతోంది. కాబట్టి గెలుపు దానిదే. రమేశ్ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

కొన్నేళ్లుగా దుకాణంలో నేనూ కూర్చుంటున్నాను. ఈ మధ్య మా దగ్గర లావణ్య అని ఒక అమ్మాయి చేరింది. బిల్లులు కొట్టే కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే చేతులు ఒళ్లో దాచుకునేది. నిన్న ఒక ముసలాయన చీటీ పట్టుకుని వస్తే, రమేశ్ అలవాటుగా ఆమె వెనక నిలబడి, "అది గాదు, గిది నొక్కు" అనబోయాడు. నేను ఆయన మోచేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. సత్తవ్వ నాకు నేర్పేటప్పుడు బండి మీద నా పక్కన కూర్చునేది కాదు. ఇది బ్రేకు, ఇది క్లచ్ అని చూపించి దిగిపోయి, నా వైపు వీపు పెట్టి గట్టు మీద గడ్డి కోసుకునేది. బండి ఆగిపోయినా తిరిగి చూసేది కాదు. చూడకపోవడమే నా మీద ఆమె పెట్టుకున్న నమ్మకమని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

"తప్పు కొడితే?" అన్నాడు రమేశ్.

"కొట్టనీ. దిద్దుకుందాం" అన్నాను. ఇద్దరం దుకాణం ముందు, రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడ్డాం. కాసేపటికి వెనక నుంచి ప్రింటరు కిర్రుమంది.